సౌర తుఫానుకు చిరునామా

వైను బప్పు స్మృతిలో చేసిన ఉపన్యాసం

ఈ సాయంత్రం మాటలు ఎక్కువగా విలేకరుల పని గురించే.

ఈ ఉపన్యాసం మనాలి కల్లాట్ వైను బప్పుగారి స్మృతికి అంకితం. 1927లో పుట్టిన బప్పుగారు పెరిగింది హైదరాబాదులో. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి కావడంతో చిన్నప్పటినుంచీ ఆయనకు దూరదర్శిని ఇంటి వస్తువే. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌కు వెళ్లారు. 1949లో అక్కడ తీసిన ఒక ఫోటో పలకమీద కొత్త తోకచుక్క దొరికింది. బప్పు–బాక్–న్యూకిర్క్ అని దానికి పేరు పెట్టారు. నక్షత్రపు వెలుగులో కనిపించే ఒక కాల్షియం రేఖ వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు ఎంత ప్రకాశవంతమైనదో చెప్పవచ్చని 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి చూపించారు. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత చేపట్టారు. చిత్తూరు జిల్లా ఎల్లదాటి తమిళనాడులోకి పోతే వచ్చే జవ్వాది కొండల్లో, కావలూరు అనే పల్లె దగ్గర కొత్త వేధశాలను నిలబెట్టారు. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడటం వెనక ఉన్నది ఆయనే. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షుడిగా ఉండగానే, 1982 ఆగస్టు 19న, 55 ఏళ్లకే వెళ్లిపోయారు.

కావలూరులోని 2.3 మీటర్ల దూరదర్శినికి 1986 జనవరి 6న ఆయన పేరు పెట్టారు. సరిగ్గా 38 ఏళ్ల తర్వాత, 2024 జనవరి 6న, సూర్యుణ్ణి గమనించే ఆదిత్య–ఎల్1 నౌక తన కక్ష్యను చేరింది. ఆ నౌకలోని ప్రధాన పరికరాన్ని తయారుచేసింది బప్పుగారు పెంచిన ఆ సంస్థే. నౌక ఎగిరింది మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి. అందుకే తిరుపతిలో, ఈ పేరుమీద, సూర్యుడి గురించి మాట్లాడుకోవడం సబబు.

చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. సూర్యుడి పేలుళ్ల గురించి మన పత్రికల్లో, టీవీల్లో వచ్చే భయపెట్టే వార్తల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. వాటిలో చాలామటుకు చిరునామా ఊడిపోయిన నిజాలు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అనే మూడు ముక్కలూ రాలిపోయాక మిగిలిన నిజం భయంలాగే కనిపిస్తుంది.

1

ముందు సూర్యుడి సంగతి. సూర్యుడి ఉపరితలంమీద నల్లటి మచ్చలున్నచోట అయస్కాంత క్షేత్రం చిక్కులు పడి ఉంటుంది. మెలిపెట్టిన తాడు ఒక్కసారిగా తెగి మళ్లీ ముడిపడ్డట్టు ఆ క్షేత్రరేఖలు తెగి కలిసినప్పుడు, దాచుకున్న శక్తి బయటికి వస్తుంది. అది రెండు రకాలుగా వస్తుంది. ఒకటి వెలుగు, ఎక్స్ కిరణాలు. దీన్ని సౌరజ్వాల అంటాం. ఎనిమిది నిమిషాల పైచిలుకులో మనకు చేరుతుంది, చేరేదాకా అది బయల్దేరిందని మనకు తెలియదు. రెండోది అయస్కాంత క్షేత్రాన్ని వెంటబెట్టుకొని బయటికి ఎగిసే విద్యుదావేశ కణాల మేఘం. దాని బరువు వంద కోట్ల టన్నులు కూడా దాటొచ్చు. అది మనవైపే వస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

వార్తలు తరచూ ఈ రెంటినీ ఒకటి చేసేస్తాయి. జ్వాల కనిపించగానే ‘భూమిని ఢీకొట్టబోతోంది’ అని రాస్తారు. ఆ జ్వాలతోపాటు మేఘం బయల్దేరిందా, బయల్దేరితే ఇటువైపేనా అన్నది ఆ పూటకు ఇంకా లెక్క తేలదు. తేలినా మరో ముడి ఉంది. మేఘం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే భూమి కవచంలోకి బలంగా చొరబడుతుంది. ఉత్తరానికి తిరిగి ఉంటే చాలామటుకు పక్కకు జారిపోతుంది. ఆ దిశ కచ్చితంగా తెలిసేది మేఘం భూమికి సూర్యుడివైపున ఉన్న ఎల్1 బిందువు దగ్గరి నౌకలను దాటినప్పుడే. అప్పటికి మిగిలేది పావుగంట నుంచి ఒక గంట.

ఈ ప్రాంతపు శ్రోతలకు ఇక్కడ ఒక మాట. మనం సూర్యుణ్ణి పంచాంగంతో ఎరిగినవాళ్లం. ఫలానా రోజు ఫలానా ఘడియకు గ్రహణం అంటే ఆ వేళకు తిరుమల గుడి తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో గుడి తెరిచే ఉంచి అభిషేకాలు చేస్తారు. ఏళ్ల ముందే తేదీ తెలుస్తుంది, తప్పదు. ఆ అలవాటుతో సౌర తుఫానును కూడా అలాగే అడుగుతాం: ఏ రోజు, ఎన్ని గంటలకు? గ్రహణం లెక్క గ్రహాల నడక లెక్క. పేలుడు లెక్క వాన లెక్కలాంటిది. అవకాశం ఎంత శాతమో చెప్పగలరు, ముహూర్తం పెట్టలేరు.

2

సూర్యుడి కోపం తెలుగు పల్లెలను నిజంగా కుదిపేసిన సందర్భం ఒకటుంది. అప్పట్లో దాని వెనక ఉన్నది సూర్యుడని పల్లెల్లో ఎవరికీ తెలియదు. 1979 జులై. స్కైలాబ్.

ఈ సభలో అరవై దాటినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఆకాశంలో నుంచి అమెరికావాళ్ల ఇల్లొకటి మీద పడబోతోందన్నారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ పొట్టేళ్లూ కోసుకొని తిన్నవాళ్లు, ఉన్నది అమ్ముకున్నవాళ్లు, అప్పులు తీర్చడం మానేసినవాళ్లు ఊరూరా ఉన్నారని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. 2021లో ఆ భయంమీదే, ఆ పేరుతోనే తెలుగులో ఒక సినిమా వచ్చింది.

స్కైలాబ్ అనే ఆ అంతరిక్ష కేంద్రం బరువు సుమారు 77 టన్నులు. 1973 మే 14న ఎగిరింది. మూడు బృందాలు అందులో ఉండి వచ్చాయి. చివరి బృందం 1974 ఫిబ్రవరిలో దిగిపోయాక అది ఖాళీగా తిరుగుతూ ఉండిపోయింది. అందులో సూర్యుణ్ణి చూసే దూరదర్శినులు ఉండేవి. సూర్యుడు విసిరే కణాల మేఘాలను మనిషి మొదటిసారి వరుసగా, తీరిగ్గా చూసింది వాటితోనే. దాన్ని స్పేస్ షటిల్‌తో పైకి నెట్టి ఇంకొన్నేళ్లు నిలబెట్టాలని నాసా అనుకుంది. షటిల్ ఆలస్యమైంది. ఈలోగా సూర్యుడు అంచనాకు మించి చురుకయ్యాడు. ఆ వేడికి భూమి పై వాతావరణం ఉబ్బింది. ఉబ్బిన గాలి ఒరిపిడికి నౌక వేగం తగ్గి కిందికి జారింది. సూర్యుడి పేలుళ్లను చూడటానికి వెళ్లిన నౌకను దించింది ఆ సూర్యుడే.

ఇప్పుడు అసలు ఉదాహరణకు వద్దాం. స్కైలాబ్ ముక్క ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా చెప్పింది. ఆ లెక్కనే ఇంకోలా కూడా చెప్పింది: ఫలానా ఒక మనిషికి, అంటే మీకో నాకో, తగిలే అవకాశం 60,000 కోట్లలో ఒకటి. రెండూ ఒకే నిజం. అప్పటి ప్రపంచ జనాభా 400 కోట్లకు కాస్త పైన. 152ని 400 కోట్లతో గుణించి చూడండి, సరిపోతుంది. మొదటి అంకెకు చిరునామా లేదు, ‘భూమ్మీద ఎవరో’ అంటుంది. రెండోదానికి ఉంది, ‘మీ వాకిట్లో’ అంటుంది. శీర్షికకు ఎక్కేది ఎప్పుడూ మొదటిదే. మన పల్లెలకు చేరేసరికి ఆ 152 కూడా ఊడిపోయి ‘పడబోతోంది’ అన్న ఒక్క మాట మిగిలింది.

జులై 11న, మన గడియారం ప్రకారం రాత్రి పది దాటాక, ఆ నౌక హిందూ మహాసముద్రంమీద ముక్కలైంది. కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ చుట్టుపక్కల పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. మన ఊళ్లలో మిగిలిన నష్టమల్లా భయంతో అమ్ముకున్నదీ, కోసుకున్నదీ. ఆ కుటుంబాలను చూసి నవ్వకూడదు. వాళ్లకు అందిన సమాచారం అంతే. అందిన దాన్నిబట్టి వాళ్లు సబబుగానే నడుచుకున్నారు. తప్పు ఆ సమాచారాన్ని మోసుకొచ్చినవాళ్లది.

3

‘తుఫాను’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం.

అయస్కాంత క్షేత్రంలో కలిగే అలజడికి ఇంగ్లీషువాళ్లు తుఫాను అని పేరు పెట్టుకున్నారు. మనం దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాం. బంగాళాఖాతం పక్కన బతికే మనకు తుఫాను అంటే మరొకటి. 2021 నవంబరులో ఇదే ఊళ్లో స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలవాళ్లు ఇళ్లు వదిలారు. తిరుమల ఘాట్‌రోడ్డు, మెట్లదారి దెబ్బతిన్నాయి. ఆ నీళ్లలో నడిచిన మనిషికి ‘భారీ సౌర తుఫాను’ అని చెబితే, నిప్పుల గాలి కొండల మీదుగా వచ్చి పడుతుందన్న బొమ్మే కళ్లముందు కదులుతుంది. జరిగేది మాత్రం దిక్సూచి ముల్లు కంటికి ఆనని మేర కదలడం. నేలమీద నిలబడ్డ మనిషి ఒంటికి ఏమీ తెలియదు. సౌరజ్వాల వల్ల నేలమీద ఒక్కరు చనిపోయిన దాఖలా కూడా లేదు. వేసవి మధ్యాహ్నం మేకలు తోలుకుపోయే పిల్లవాడికి అసలు ప్రమాదం పిడుగు.

మాటను మార్చలేమేమో. కానీ తుఫాను వార్తను ఎలా రాయాలో తెలుగు పత్రికలకు మరెవరూ నేర్పక్కర్లేదు. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అని మెట్లు మెట్లుగా చెప్పడం చదువు రాని రైతుకు కూడా కంఠస్థం. ‘నెల్లూరుకు ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది, గంటకు ఇంత వేగంతో కదులుతోంది, ఫలానా చోట తీరం దాటుతుంది, కృష్ణపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక.’ ఆ వాక్యంలో ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నీ ఉన్నాయి. అల్పపీడనం ఏర్పడిన రోజే ‘ప్రళయం’ అని ఏ విలేకరీ రాయడు. రాస్తే రేవులో జాలరి నమ్మడు.

సూర్యుడికీ అలాంటి మెట్లున్నాయి. అయస్కాంత తుఫానులకు జి1 నుంచి జి5 దాకా ఐదు మెట్లు. సూర్యుడి చురుకుదనం హెచ్చి తగ్గే ఒక చక్రం సుమారు 11 ఏళ్లు. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా లెక్క ప్రకారం ఒక చక్రంలో జి1 స్థాయి కనిపించే రోజులు 900 దాకా, జి5 కనిపించే రోజులు నాలుగు. జ్వాలలకు ఎ, బి, సి, ఎం, ఎక్స్ అని తరగతులు. ఒక్కొక్కటి ముందుదానికి పదింతలు. ‘అత్యంత శక్తిమంతమైన ఎక్స్ తరగతి’ అని రాస్తే తప్పేమీ కాదు. అయితే ఎక్స్1 స్థాయి జ్వాలలు ఒక చక్రంలో సుమారు 175 వస్తాయన్న సంగతి పక్కన పెట్టకపోతే, నెలకొకటి వచ్చేదాన్ని యుగానికొకటిగా చూపినట్టవుతుంది.

4

ఇక చిరునామాలో ముఖ్యమైన గీత: అక్షాంశం.

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ తెరమీద సూర్యబింబాన్ని పడేసి మచ్చలు గీసుకుంటుండగా, ఆ మచ్చల మధ్య తెల్లటి వెలుగు ఎగసి ఐదు నిమిషాల్లో ఆరిపోయింది. 18 గంటలైనా గడవకముందే భూమి అయస్కాంత క్షేత్రం అల్లాడింది. అమెరికాలో టెలిగ్రాఫ్ ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, తీగల్లో దానంతటది పుట్టిన కరెంటుతోనే వార్తలు పంపుకున్నారు. కారింగ్టన్ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. అయితే ఒక్కసారి జరిగినదాన్నిబట్టి సంబంధం ఉందని తేల్చేయకూడదని తానే హెచ్చరించాడు. ఇంతటి దృశ్యం చూసిన మనిషి అంత నిదానంగా మాట్లాడాడు. నూటయాభై ఏళ్ల తర్వాత ఆయన పేరును అరుపుల శీర్షికల్లో వాడుతున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆ తుఫానుకు మన దేశంలోనూ సాక్ష్యం ఉంది. బొంబాయిలోని కొలాబా వేధశాల అయస్కాంత మాపకం సుమారు 1,600 నానోటెస్లాల పతనాన్ని నమోదు చేసింది. ఈ కాలంలో వంద దాటితేనే తీవ్రమైన తుఫాను అంటారు. ఆ తుఫాను ఎంత పెద్దదో ఇవాళ్టి శాస్త్రవేత్తలు అంచనా వేస్తున్నది ముఖ్యంగా ఈ కొలాబా చిట్టాతోనే. 1872 ఫిబ్రవరి 4న, మామూలుగా ధ్రువాల దగ్గరి ఆకాశంలో కనిపించే ధ్రువకాంతి బొంబాయి దాకా కనిపించింది. కాబట్టి మన అక్షాంశానికి ఏనాడూ ఏమీ రాదని చెప్పడం కూడా చిరునామా తప్పు రాయడమే అవుతుంది.

కరెంటు సంగతికి వస్తే 1989 మార్చి 13 ఉదాహరణ అందరూ చెబుతారు. కెనడాలోని క్యుబెక్ గ్రిడ్ సుమారు 90 సెకన్లలో కుప్పకూలింది. 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు లేదు. క్యుబెక్ ధ్రువానికి దగ్గర, కింద కరెంటును పీల్చుకోని గట్టి రాతినేల, పైన వందల కిలోమీటర్ల లైన్లు. ఆ మూడూ కలిసిన చోట జరిగిన ప్రమాదాన్ని 13.6 డిగ్రీల దగ్గరున్న తిరుపతికి అలాగే తెచ్చి అతికించడం కుదరదు. ఇక్కడి గ్రిడ్‌కు ముప్పు శూన్యమేమీ కాదు, కానీ చాలా తక్కువ.

మనకు వచ్చే ఇబ్బంది వేరే. అది పైన ఉంది. భూమికి చాలా ఎత్తున ఉండే అయనావరణంలో, అయస్కాంత మధ్యరేఖకు ఇరువైపులా ఉండే ప్రాంతం ప్రపంచంలోకెల్లా పెంకిది. ఆ రేఖ మన దేశపు దక్షిణ కొసమీదుగా పోతుంది. రాకెట్ ప్రయోగాల కోసం కేరళలోని తుంబాను ఎంచుకున్నది అందుకే. పగలు అక్కడి కణాలు ఫౌంటెన్ నీళ్లలా పైకి లేచి ఇటూ అటూ పడతాయి. పొద్దుగూకాక కింది పొరలోంచి పలచటి బుడగలు పైకి పొంగుతాయి. వాటి గుండా వచ్చే జీపీఎస్ సంకేతం మరుగుతున్న నీళ్లలో బింబంలా వణుకుతుంది. సౌర తుఫాను వచ్చిన రోజు ఈ బుడగలు కొన్నిసార్లు విజృంభిస్తాయి, కొన్నిసార్లు అసలు లేవవు.

ఈ బుడగలను చూసే కళ్లు మన దగ్గరే ఉన్నాయి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌కు 1,024 యాంటెన్నాలు. పొలాల మధ్య మొలిచిన ఆ కమ్మీల తోటను చూసి చేపల బోను అనుకున్నవాళ్లూ ఉంటారు. అయనావరణం కోసమే 30 మెగాహెర్ట్జ్ రాడార్ మరొకటి ఉంది. సౌర తుఫాను గురించి రాయాల్సి వచ్చినప్పుడు వేల మైళ్ల దూరంలోని ఏజెన్సీ వార్తను తర్జుమా చేసే విలేకరికి, బైకుమీద గంట లోపే పోగలిగినంత దూరంలో ఇంత పరిశోధన ఉంది.

5

ఇటీవలి రెండు సంగతులు క్లుప్తంగా.

2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ ప్రాంగణంలోని సంగీతా అబ్దు జ్యోతి ఒక పరిశోధన పత్రం చదివారు. మహా సౌర తుఫాను వస్తే సముద్రగర్భ కేబుళ్లు ఏమవుతాయన్నది ప్రశ్న. గాజుతీగకు ఏమీ కాదు, దారిపొడవునా సంకేతాన్ని బలపరిచే పరికరాలకు కరెంటు అందించే తీగలతోనే చిక్కు అని ఆమె వివరించారు. ముప్పు ఎక్కువగా ఉత్తరాన ఉన్న అట్లాంటిక్ కేబుళ్లకని, భూమధ్యరేఖ దగ్గరి ఆసియా కేబుళ్లకు తక్కువని కూడా రాశారు. అంటే చిరునామా పత్రంలోనే ఉంది. అయితే శీర్షికలో ‘ఇంటర్నెట్ ప్రళయం’ అన్న మాట కూడా ఉంది. 2023 నాటికి ఆ మాట ఒక్కటే లోకం చుట్టేసింది. నాసా హెచ్చరించిందని, నెలల తరబడి నెట్ ఉండదని కట్టుకథలు అల్లుకున్నాయి. శాస్త్రవేత్తలకు కూడా ఇందులో ఒక విన్నపం: శీర్షికలో ఒక పెద్ద మాట పెడితే, లోపల రాసిన జాగ్రత్తలన్నీ దాని వెంట రావు.

రెండోది ఆదిత్య–ఎల్1. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరినప్పుడు ‘సూర్యుడిపైకి’ అన్న శీర్షికలు చూశాం. అది ఆగేది 15 లక్షల కిలోమీటర్ల దగ్గర, సూర్యుడు ఉన్నది 15 కోట్ల దగ్గర. తిరుపతి నుంచి హైదరాబాదు దూరంలో ఒక శాతం అంటే తిరుచానూరు వెళ్లినంత. ఈ పోలిక చెబితే ఆదిత్య గొప్ప తగ్గదు. ఎక్కడ నిలబడి చూస్తోందో తెలిస్తేనే, మేఘం మనల్ని చేరకముందే అది ఎలా పసిగడుతుందో పిల్లలకు అర్థమవుతుంది.

6

చివరగా ఒక అసలు రోజు. 2024 మే 10, శుక్రవారం రాత్రి. 2003 అక్టోబరు తర్వాత మొదటి జి5 తుఫాను భూమిని తాకింది. లడఖ్‌లోని హాన్లేలో, భారత ఖగోళ భౌతిక సంస్థ వేధశాల ఉన్నచోట, కెమెరాలకు ఎర్రటి ధ్రువకాంతి చిక్కింది. అమెరికాలో విత్తనం వేస్తున్న రైతుల ట్రాక్టర్లు జీపీఎస్ సరిగా అందక ఆగాయి. తిరుపతిలో ఎన్నికల ప్రచారం చివరి ఘట్టం, సోమవారం పోలింగ్. ఇరవై ఏళ్లలోకెల్లా పెద్ద సౌర తుఫాను మైకుల హోరుమీదుగా వెళ్లిపోయింది.

ఆ శనివారం మన జిల్లా పేజీకి ఒక వార్త రాయాల్సి ఉంటే, వాయుగుండం వార్తలా, ఇలా రాయొచ్చు. విలేకరులు దీన్ని దిద్దాలని కోరిక:

‘సూర్యుడిమీది 13664 నంబరు మచ్చల గుంపు నుంచి వెలువడిన కణమేఘాలు శుక్రవారం రాత్రి భూమిని తాకాయి. ఐదు మెట్ల కొలతలో ఇది ఐదో మెట్టు. 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న తిరుపతిలో మనుషులకు, పశువులకు ముప్పు లేదు. ఇళ్లలో కరెంటు, ఫోన్లు మామూలుగానే పనిచేస్తాయి. భూముల రీసర్వేలో జీపీఎస్ రోవర్‌తో కొలతలు తీసేవాళ్లు, ముఖ్యంగా సాయంత్రం తర్వాత తీసినవాటిని, మరోసారి సరిచూసుకోవాలి. షార్ట్‌వేవ్ రేడియో వాడేవారికి పగటిపూట అంతరాయం కలగవచ్చు. ధ్రువకాంతి ఇక్కడ కనిపించే అవకాశం లేదు. పూర్తి వివరాలకు గాదంకి శాస్త్రవేత్తలను సంప్రదించాం.’

చివరి వాక్యాన్ని నిజం చేయడం మాత్రం విలేకరి చేతిలో ఉంది.

ఆ మచ్చల గుంపు కొద్దిరోజులకు సూర్యబింబపు అంచు దాటి మరుగుపడింది. సూర్యుడితోపాటు వెనకనుంచి తిరిగి మే నెలాఖరుకు మళ్లీ మనవైపు వచ్చింది. అప్పుడు దానికి ఇచ్చిన కొత్త నంబరు 13697.